వెండి వెంట నడవండి: 1450–1750 ప్రపంచ చరిత్రను కలిపి చదివే పద్ధతి

1450 నుంచి 1750 దాకా ఉన్న మూడు వందల ఏళ్ల చరిత్రను చాలామంది సామ్రాజ్యాల వారీగా చదువుతారు. ముందు టర్కీ ఒట్టోమన్లు, తర్వాత ఇరాన్ సఫావిదులు, మొఘలులు, మింగ్ చైనా, ఆ పైన స్పెయిన్, పోర్చుగల్. మతం ఒక చాప్టర్, వాణిజ్యం ఇంకో చాప్టర్. దేనికది బాగానే వస్తుంది. కానీ "అమెరికా వెండికీ చైనా రైతు కట్టే పన్నుకీ సంబంధం ఏమిటి?" అని అడిగితే పెన్ను ఆగిపోతుంది. అమెరికా ఒక చాప్టర్లో ఉంటుంది, చైనా మరో చాప్టర్లో ఉంటుంది. ఆ రెండింటి మధ్యనున్న పసిఫిక్ మహాసముద్రం ఏ చాప్టర్లోనూ ఉండదు.

నేను డిగ్రీ విద్యార్థులకు ఈ కాలం పాఠాలు చెబుతాను. వాళ్లకు మొదటి రోజే ఒక మాట చెబుతాను: రాజుల్ని వదిలేసి ఒక సరుకును పట్టుకోండి. అది ఎక్కడ పుట్టింది, ఎవరి చేతులు మారింది, చివరికి ఎక్కడ తేలింది అని చూసుకుంటూ పోండి. రాజులు, మతగురువులు, వర్తకులు దారిలో వాళ్లంతట వాళ్లే ఎదురవుతారు. మొదటి సరుకుగా వెండినే తీసుకోమంటాను. ఈ కాలంలో దాదాపు ప్రతి పెద్ద రాజ్యపు ఖజానాకూ వెండితో ఏదో ఒక లెక్క ఉంది.

ముందు మ్యాపు

పుస్తకం తెరవకముందు ఒక పెద్ద కాగితం మీద ప్రపంచ పటం గీసుకోండి. పసిఫిక్ మహాసముద్రం మధ్యలోకి రావాలి. మామూలు పటాల్లో అట్లాంటిక్ మధ్యలో ఉంటుంది, పసిఫిక్ రెండు ముక్కలై చెరో అంచుకు పోతుంది. అలాంటి పటం చూసి చదివినవాళ్లకు మెక్సికో నుంచి ఫిలిప్పీన్స్‌కు ఓడలు వెళ్లాయన్న సంగతి బుర్రకెక్కదు. తీరరేఖలు అందంగా రానక్కర్లేదు. మూడు రంగుల పెన్సిళ్లు పెట్టుకోండి: సరుకులకు ఒకటి, మనుషుల రాకపోకలకు ఒకటి, మతాలకు ఒకటి. ఒకే ఊళ్లో మూడు రంగులూ కలిశాయంటే ఆ ఊరి మీద ఇంకో గంట కూర్చోవచ్చు.

తేదీలంటే చాలామందికి టెన్షన్. వందల తేదీలు అక్కర్లేదు, కొన్ని మేకులు కొట్టుకుంటే చాలు. 1453లో రెండో మెహ్మెద్ కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నాడు. 1492లో స్పెయిన్ రాజదంపతులు గ్రనడాను గెలిచారు, యూదుల్ని వెళ్లగొట్టారు, కొలంబస్‌ను పంపారు. మూడూ ఒకే ఏడాది జరిగాయి, విడదీసి చదవకండి. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1501లో షా ఇస్మాయిల్ తబ్రీజ్‌లో సింహాసనమెక్కి షియా మతాన్ని రాజ్యమతంగా ప్రకటించాడు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ కాథలిక్ చర్చిని ప్రశ్నిస్తూ తన వాదాలు బయటపెట్టాడు, ప్రొటెస్టంట్ మతానికి అదే మొదలు. 1526లో బాబర్ పానిపట్‌లో గెలిచాడు.

వీటి తర్వాత నేను తప్పకుండా రాయించేది 1571. ఆ ఏడాది ఒట్టోమన్లకూ క్రైస్తవ రాజ్యాలకూ మధ్య లెపాంటో నౌకాయుద్ధం జరిగింది, అది అందరూ రాస్తారు. అదే ఏడాది స్పెయిన్ సేనాని లెగాజ్పి మనీలాను ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ పాలనకు రాజధానిగా నెలకొల్పాడు. నా దృష్టిలో ఇదే పెద్ద సంగతి. మనీలాతో అమెరికాకూ ఆసియాకూ మధ్య నేరుగా, ఏటేటా నడిచే ఓడల దారి స్థిరపడింది. అంతకుముందు 1565లో ఉర్దనేటా అనే పాద్రి, ఫిలిప్పీన్స్ నుంచి మెక్సికోకు తిరుగు ప్రయాణానికి ఉత్తరంగా వెళ్లి గాలులు అందుకోవాలని నావలో చేసి చూపించాడు. ఆ తిరుగుదారి దొరక్కపోతే మనీలా నిలిచేది కాదు. ఈ దారిలో గ్యాలియన్ అనే పెద్ద ఓడలు 1815 దాకా తిరిగాయి.

గని దగ్గర మొదలుపెట్టండి

ఇప్పుడు వెండి. 1545లో పొటోసి కొండలో వెండి బయటపడింది. ఇవాళ అది బొలీవియాలో ఉంది, సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. గాలి పలచన, చలి విపరీతం. మరుసటి ఏడాది మెక్సికోలో సకాతెకాస్ గనులు దొరికాయి. నోట్సులో ఈ రెండు పేర్లు రాసి ముందుకు పరిగెత్తకండి. ఇక్కడ కాస్త ఆగి పనిని దగ్గర నుంచి చూడాలి.

మొదట్లో మేలురకం ముడిరాయిని కొలిమిలో కరిగించి వెండి తీసేవాళ్లు. అది తరిగిపోయింది. 1570ల నుంచి పాదరసం పద్ధతి వచ్చింది. కొండల్లో చెరువులు కట్టి, ఆ నీటితో తిరిగే మిల్లుల్లో రాయిని పిండి చేసేవాళ్లు. ఆ పిండిలో ఉప్పు, పాదరసం వేసి తడి ముద్దగా కలిపేవాళ్లు. కలపడమంటే కూలీలు కాళ్లతో తొక్కడం. వారాల తరబడి నానాక వెండి పాదరసానికి అంటుకుంటుంది. కడిగితే మట్టి పోతుంది, కాలిస్తే పాదరసం ఆవిరైపోతుంది, వెండి మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చినవాళ్ల సంగతి ఆలోచించండి. పాదరసం పెరూలోని వాంకవెలికా గనుల నుంచి వచ్చేది. అక్కడి పని పొటోసి కంటే భయంకరం.

పనిచేసింది ఎవరు? స్పెయిన్ వాళ్లు రాకముందు పెరూను ఏలిన 'ఇంకా' వంశపు రాజుల కాలంలో ప్రజలు వంతులవారీగా రాజ్యానికి పని చేసిపెట్టే పద్ధతి ఉండేది, దాని పేరు మిత. పెరూలో స్పెయిన్ రాజు ప్రతినిధి అయిన వైస్రాయ్ తొలెదో దాన్నే గనులకు మళ్లించాడు. చుట్టుపక్కల రాష్ట్రాల్లోని ఆండియన్ గ్రామాల నుంచి వయసొచ్చిన మగవాళ్లలో ఏడో వంతు మంది ఏటా వంతు మీద గనులకు రావాలి. కుటుంబాలతో, లామాలతో వారాల తరబడి నడిచి వచ్చేవాళ్లు. చాలామంది తిరిగి వెళ్లలేదు. కొత్త పాలకులు పాత రాజ్యపు యంత్రాంగాన్ని కూల్చకుండా తమ పనికి తిప్పుకున్నారు. ఈ కాలంలో మీరు చదివే ప్రతి సామ్రాజ్యంలోనూ ఇలాంటిది వెతకండి.

ఆ వెండితో అచ్చు వేసిన ఎనిమిది రియాళ్ల నాణెం ఫొటో ఒకటి సంపాదించండి. బరువు సుమారు 27 గ్రాములు. రెండో ఫిలిప్ నాటి నాణెంపై ఒకవైపు కిరీటంతో రాజవంశ చిహ్నం, రెండో వైపు శిలువ, శిలువ మూలల్లో కోటలూ సింహాలూ. అంచులు వంకరటింకరగా ఉంటాయి, ఎందుకంటే వెండి కడ్డీని ముక్కలు కోసి, బరువు సరిపోయేదాకా అంచులు కత్తిరించి సుత్తితో ముద్ర వేసేవాళ్లు. సామ్రాజ్యం, మతం, వ్యాపారం అరచేతిలో పట్టే వస్తువు మీద ఉన్నాయి. విద్యార్థులు ఆ నాణెం బొమ్మను చూసి గీస్తే నాకు ఎంతో సంతోషం. గీసినవాళ్లు దాన్ని మరిచిపోరు.

ప్రతి మజిలీలో అవే ప్రశ్నలు

ఇక్కడి నుంచి వెండి రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి తూర్పుగా స్పెయిన్‌లోని సెవిల్‌కు, ఇంకోటి పడమరగా మెక్సికో రేవు అకపుల్కో మీదుగా మనీలాకు. ప్రతి మజిలీలో మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ పన్ను ఎవరు పట్టారు? చెమట ఎవరిది? ఎవరు ఏ దేవుణ్ణి తెచ్చారు, అక్కడివాళ్లు ఏమన్నారు?

సెవిల్ దగ్గర మొదటి ప్రశ్నకు జవాబు సులువు. గని వెండిలో అయిదో వంతు రాజుది. అయినా రెండో ఫిలిప్ 1557, 1575, 1596లలో అప్పులు కట్టలేనని చేతులెత్తేశాడు. అంత వెండి వస్తూ దివాలా ఎలా? ఆ వెండి స్పెయిన్లో నిలవలేదు. నెదర్లాండ్స్‌లో యుద్ధాలకు, మధ్యధరాలో నౌకాదళానికి, జెనోవా బ్యాంకర్ల వడ్డీలకు పోయింది. ఆ నెదర్లాండ్స్ తిరుగుబాటులో పన్నుల గొడవ ఉంది, ప్రొటెస్టంట్ మతం ఉంది. చూశారా, వెండిని అడిగితే లూథర్ దగ్గరికి వచ్చాం.

మనీలా దగ్గర ఎక్కువసేపు ఉండండి. స్పెయిన్ వాళ్లు వచ్చేనాటికి అక్కడ రాజా సులేమాన్ అనే ముస్లిం పాలకుడు ఉన్నాడు. గ్రనడాలో ముస్లిం రాజ్యాన్ని గెలిచినవాళ్ల మనవలు భూగోళం చుట్టి వచ్చి మళ్లీ ముస్లింలకే ఎదురుపడ్డారు. చైనాలోని ఫుజియాన్ తీరం నుంచి చైనా వర్తకులు పట్టు, పింగాణీ తెచ్చి వెండి పట్టుకెళ్లేవాళ్లు. వాళ్లు లేకపోతే స్పెయిన్ వాళ్లకు పూట గడవదు, వాళ్లు ఎక్కువైతే భయం. పరియాన్ అనే వాడలోనే వాళ్లు ఉండాలని నియమం పెట్టారు. 1603లో వేలమంది చైనీయుల్ని చంపేశారు. కొంతకాలానికే చైనా ఓడలు మళ్లీ వచ్చాయి. ఈ రెండు వాక్యాలను పక్కపక్కనే రాసుకోండి, వెండి పట్టు ఎంత బలమైందో తెలుస్తుంది.

చైనాకు అంత వెండి ఎందుకు? మింగ్ పాలకులు మొదట్లో జారీ చేసిన కాగితపు డబ్బు విలువ పడిపోయింది. జనం వెండిని తూచి వాడటం మొదలుపెట్టారు. తర్వాత ప్రభుత్వం భూమిపన్ను, వెట్టి లాంటి రకరకాల బాధ్యతల్ని కలిపి వెండి రూపంలో కట్టమంది. 1581 నాటికి మంత్రి జాంగ్ జుజెంగ్ దీన్ని దేశమంతటా అమలుకు తెచ్చాడు. ఇక రైతు పండించింది అమ్మి వెండి తెచ్చుకోవాల్సిందే. ఆ రోజుల్లో బంగారంతో పోలిస్తే చైనాలో వెండి విలువ యూరప్‌లో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. వ్యాపారికి ఇంతకంటే పిలుపు ఏం కావాలి? జపాన్‌లోని ఇవామి గనుల వెండి కూడా ఇటే పారింది. జపాన్‌తో నేరు వ్యాపారాన్ని మింగ్ ప్రభుత్వం నిషేధించింది కాబట్టి, చైనా తీరంలోని మకావులో కూర్చున్న పోర్చుగీసు వాళ్లు మధ్యవర్తులై బాగుపడ్డారు.

హిందుస్తాన్ దగ్గర కూడా ఇదే లెక్క వేయండి. అక్బర్ కాలంలో తోడర్ మల్ 1580లో పదేళ్ల సగటు మీద శిస్తు నిర్ణయించి నగదులో వసూలు చేయించాడు. నగదు అంటే రూపాయి, రూపాయి అంటే వెండి. ఇక్కడ వెండి గనులు లేనట్టే. సూరత్‌లో దిగిన విదేశీ నాణేలు టంకశాలలో కరిగి రూపాయలయ్యేవి. వాటికి బదులుగా బయటికి వెళ్లింది ముఖ్యంగా బట్ట. కోరమండల్ తీరంలో డచ్చివాళ్లు 1605లో మచిలీపట్నంలో, ఇంగ్లిష్ వాళ్లు 1611లో అక్కడే దిగారంటే కారణం అద్దకం బట్టలే. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు కోరమండల్ బట్ట అడిగేవాళ్లు. అందుకే కంపెనీలు వెండిని బట్టగా, బట్టను మసాలాగా మార్చేవి.

ఇంకో మాట. ఒట్టోమన్, సఫావిద్, మొఘల్ రాజ్యాలను తుపాకీమందు సామ్రాజ్యాలని ఒకే గాట కట్టేస్తుంటారు. ఫిరంగి యుద్ధం గెలిపిస్తుంది. గెలిచిన నేలను నూరేళ్లు నిలబెట్టేది శిస్తు వసూలు. ఒట్టోమన్లు సైనికులకిచ్చే శిస్తు హక్కు తిమార్ ఎవరికి ఇచ్చారు, మొఘల్ అధికారుల జాగీరు ఎన్నేళ్లకు మార్చారు, ఎన్‌కొమియెండా (అమెరికాలో స్పెయిన్ వాళ్లకిచ్చిన, అక్కడి జనం నుంచి పన్ను, పని రాబట్టే హక్కు) వారసత్వంగా వచ్చిందా అన్నవి పోల్చి రాస్తే మీ ఆన్సర్ బరువు వేరు.

మతాన్ని విడిగా చదవకండి

మతం గురించి చదివేటప్పుడు ఒక సిద్ధాంతం ఏం చెప్పిందో తెలుసుకుని ఊరుకోకండి. దాని వల్ల ఎవరి ఓడ ఆగింది, ఎవరి సైన్యం కదిలింది అని కూడా అడగండి. పట్టు దీనికి మంచి ఉదాహరణ. సున్నీ ఒట్టోమన్ సుల్తాన్ సెలీం 1514లో చాల్దిరాన్ దగ్గర షా ఇస్మాయిల్‌ను ఫిరంగులతో ఓడించాడు. అంతటితో ఆగకుండా ఇరాన్ పట్టు తన రాజ్యంలోకి రాకుండా నిషేధించాడు. మతవైరం వ్యాపార యుద్ధమైంది. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత షా అబ్బాస్ ఆర్మేనియన్ క్రైస్తవుల్ని బలవంతంగా ఇస్ఫహాన్‌కు తరలించి న్యూ జుల్ఫా వాడలో ఉంచాడు. ఆ తరలింపులో ఎంతోమంది చనిపోయారు. బతికినవాళ్లకు చర్చిలు కట్టుకునే వీలిచ్చి, పట్టు వ్యాపారం అప్పగించాడు. షియా రాజు పట్టును క్రైస్తవులు దేశదేశాల్లో అమ్మారు. 1622లో ఇంగ్లిష్ ఓడల సాయంతో హోర్ముజ్‌ను పోర్చుగీసుల నుంచి లాక్కున్నదీ అతనే. ఇక్కడ మతాల లెక్క చూస్తే షియాలు, ప్రొటెస్టంట్లు కలిసి కాథలిక్కుల్ని కొట్టారు.

లూథర్ అనుచరులు నిలదొక్కుకోవడం వెనక ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ సైన్యం ఉందంటే మొదట ఎవరూ నమ్మరు. 1532లో ఒట్టోమన్లు మళ్లీ వియన్నా వైపు వస్తుంటే, అయిదో చార్లెస్ చక్రవర్తికి ప్రొటెస్టంట్ రాజుల సాయం కావాల్సి వచ్చింది. న్యూరెంబర్గ్‌లో వాళ్లతో తాత్కాలికంగా రాజీపడ్డాడు. అలాగే 1492లో స్పెయిన్ వెళ్లగొట్టిన యూదుల్లో చాలామందికి ఒట్టోమన్ నగరం సలోనికా ఇల్లయింది.

జపాన్ కథ వేగంగా చెప్పుకోవచ్చు. 1549లో క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ వచ్చాడు. 1614లో తోకుగావా ప్రభుత్వం క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించింది. 1637–38లో షిమబారాలో క్రైస్తవ రైతుల తిరుగుబాటు, 1639లో పోర్చుగీసుల బహిష్కరణ. మత ప్రచారం జోలికి పోని డచ్చివాళ్లను మాత్రం 1641లో నాగసాకి దగ్గరి దెజిమా అనే చిన్న దీవికి పరిమితం చేసి ఉండనిచ్చారు.

ఈ రెండు చోట్ల తొందరపడొద్దు

1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి యుద్ధం చేసే, కోటలు కట్టే, ఒప్పందాలు రాసుకునే అధికారం వాళ్ల ప్రభుత్వమే ఇచ్చింది. ఇది చదివి ఊరుకుంటే అర్థం కాదు, ఇండోనేషియాలోని బందా దీవులకు వెళ్లాలి. ఆనాడు జాజికాయ అక్కడే పండేది. 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ కూన్ సైన్యంతో దిగాడు. దీవుల జనంలో అత్యధికుల్ని చంపారు, తరిమారు, బానిసలుగా పట్టుకుపోయారు. తర్వాత తోటలు పంచి బానిసలతో పండించారు. వాటాదారులకు లాభాలు పంచిన కంపెనీ అని రాసే వాక్యం పక్కన ఇది కూడా ఉండాలి.

రెండోది అట్లాంటిక్ బానిస వ్యాపారం. మొత్తం మీద సుమారు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారు. దాదాపు 18 లక్షల మంది సముద్రం మీదే చనిపోయారు. బ్రెజిల్, కరీబియన్ చెరకు తోటలే ఎక్కువమందిని మింగాయి. దీన్ని త్రికోణ వాణిజ్యం అని ఒక బొమ్మ గీసి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. పైగా ఆ బొమ్మలో ఆసియా ఉండదు. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొన్న సరుకుల్లో భారతదేశపు నూలుబట్టలు ఉన్నాయి, మాల్దీవుల గవ్వలు ఉన్నాయి. మీ మ్యాపు మీద హిందూ మహాసముద్రం నుంచి పశ్చిమాఫ్రికాకు కూడా గీత గీయండి.

ఇక్కడ చదవాల్సిన పత్రం ఒకటి ఉంది. కాంగో రాజు అఫోన్సో క్రైస్తవం పుచ్చుకున్నవాడు. 1526లో పోర్చుగల్ రాజు మూడో జొవావ్‌కు ఉత్తరం రాశాడు. వర్తకులు మా జనాన్ని, పెద్ద ఇళ్ల పిల్లల్ని, చివరికి నా బంధువుల్ని కూడా ఎత్తుకుపోతున్నారు, మా దేశం ఖాళీ అవుతోంది అని మొరపెట్టుకున్నాడు. మాకు పాద్రులు, చదువు చెప్పేవాళ్లు, పూజకు కావాల్సిన ద్రాక్షసారా, పిండి తప్ప ఇంకేం వద్దు అన్నాడు. ఉత్తరం రాసింది ఎవరు, ఎవరికి, ఏం అడిగాడు, ఏం వద్దన్నాడు అని నాలుగు గళ్లు గీసి నింపండి. మతాన్ని ఉంచుకుని వ్యాపారాన్ని ఆపాలనుకున్న ఒక రాజు కనిపిస్తాడు. వ్యాపారం ఆగలేదు.

రాసేటప్పుడు

మొదట్లో అడిగిన ప్రశ్ననే తీసుకుందాం. "వెండి చైనాను మార్చింది" అని మొదలుపెడితే ఏమీ చెప్పినట్టు కాదు. "పన్ను వెండిలో కట్టాల్సి రావడంతో రైతు సంతకు వెళ్లాల్సి వచ్చింది, ఆ వెండిలో పెద్ద భాగం జపాన్, అమెరికాల నుంచి రావడంతో అతని పన్ను దూరపు గనులకు ముడిపడింది" అని రాయండి. తర్వాత మనీలా, మకావు పేర్లు, 1571, 1581 తేదీలు వాటి చోట్లలో వచ్చి కూర్చుంటాయి. 1644లో మింగ్ పతనానికి వెండి రాక తగ్గడమే కారణం అని మాత్రం తేల్చేయకండి. దాని మీద చరిత్రకారుల్లో వాదన ఉంది. చలి, కరవు, లీ జిచెంగ్ తిరుగుబాటు, మంచూల దాడి అన్నీ ఒకేసారి వచ్చాయి. అన్నీ రాసి, మీకు ఏది బలంగా తోచిందో కారణంతో చెప్పండి.

వెండి పూర్తయ్యాక అదే మ్యాపు మీద ఇంకో సరుకు ఎత్తుకోండి. నా సలహా బొచ్చు తోళ్లు. వెండి దారిలో అసలు తగలని రష్యా అప్పుడు పటంలోకి వస్తుంది. 1552లో రష్యా జార్ ఇవాన్ కజాన్‌ను పట్టుకున్న దగ్గర మొదలుపెట్టి, 1639లో రష్యా తరఫు కోసాక్కు సైనికులు పసిఫిక్ తీరం చేరేదాకా వెళ్లండి. సైబీరియా తెగల నుంచి పన్నును తోళ్ల రూపంలో ఎలా గుంజారో చూడండి. 1689లో నెర్చిన్స్క్ ఒప్పందం దగ్గర రష్యా, చైనా ఎదురుపడతాయి. ఆ చర్చలకు దుబాసీలు చైనా తరఫున వెళ్లిన, జెస్యూట్ సంఘానికి చెందిన కాథలిక్ పాద్రులు, మాట్లాడిన భాష లాటిన్. అక్కడ మీ మూడో రంగు పెన్సిల్ తీయండి.